హాన్సెన్ పండితుడు – కుష్ఠక్రిమి శోధనము



కుష్ఠవ్యాధి పూర్వజన్మపాపఫలమని పెద్దలు చెప్పుకొనుచుండగా బాల్యమున నేను వినియుంటిని. అది వంశమునుబట్టి సంక్రమించునని ఐరోపాఖండమున గొప్ప వైద్యులే విశ్వసించిన కాలమొకటి యుండెను. ఈ రెండు నమ్మకములకును ఫలమొక్కటియే: రోగియే గాక వాని యింటివారెల్లరు నిందకు పాలగుదురు. ఆ నిందకు మూలమును ఛేదించినవాడు నార్వేదేశీయుడగు గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్. ఆయన సాధించిన సత్యమును, ఒనర్చిన యపరాధమును, రెంటిని నేడు మీకు విన్నవింతును.

హాన్సెన్ 1841వ సంవత్సరమున బెర్గెన్ నగరమున జన్మించెను. వైద్యవిద్య ముగించి 1868లో ఆ నగరమందలి కుష్ఠవైద్యశాలలలో బ్రవేశించెను. ఆ పశ్చిమతీరమున కర్షకులును జాలరులును ఈ వ్యాధిచే మిక్కిలి బాధపడుచుండిరి. దేశమందలి రోగుల పేర్లను ప్రభుత్వమువారు 1856 నుండియే పట్టికలయందు వ్రాయించుచుండిరి. అచ్చటి వైద్యులకు పెద్ద డానియెల్సెన్. ఆయన 1847లో బోయెక్ పండితునితో గూడి ఈ వ్యాధినిగూర్చి ప్రఖ్యాతగ్రంథమును వెలువరించినవాడు. ఆయన మతమున నిది వంశపారంపర్యము. హాన్సెన్ ఆయనకు శిష్యుడు, పిమ్మట అల్లుడు. గురువుమాటను కాదనుట యెంత కష్టమో బడిలో బ్రతుకు గడపిన నేనెరుగుదును. అయినను హాన్సెన్ వినయము విడువక, తన సందేహమును విడువలేదు.

వ్యాధి రక్తసంబంధమునుబట్టి గాక రోగిసంపర్కమువలన వ్యాపించుచున్నదని ఆయన తలచెను. 1873లో రోగి చర్మముపై లేచిన బుడిపెనుండి గొంత పదార్థమును దీసి సూక్ష్మదర్శినితో బరీక్షింపగా, సన్నని పుల్లలవంటి యాకారములు గనబడెను. మరుసటియేట ఆ విషయమును బ్రకటించెను. దానికే నేడు మైకోబాక్టీరియము లెప్రే యని పేరు. 1882లో రాబర్ట్ కాక్ కనుగొనిన క్షయక్రిమి దీనికి జ్ఞాతి. విధివిలాసమేమనవలెను! హాన్సెన్ కుష్ఠక్రిమిని జూచిన ఆ 1873లోనే, ఆయన భార్యను క్షయ హరించెను.

అయితే చూచుట వేరు, నిరూపించుట వేరు. ఈ క్రిమి గాజుపాత్రలలోని యాహారముపై బెరుగదు. నేటికిని దాని నట్లు పెంపగలిగినవారు లేరు. 1879లో జర్మనీనుండి వచ్చిన యువవైద్యుడు ఆల్బర్ట్ నైసర్, హాన్సెన్ యిచ్చిన మచ్చులకే రంగు పట్టించి, క్రిమిని స్పష్టముగా జూపి, ఆ కీర్తిని దాను గైకొనజూచెను. ఆ యేటనే హాన్సెన్ ధర్మము దప్పెను. వైద్యశాలలోని యొక రోగిణి కంటిలో, వేరొకరి బుడిపెనుండి తీసిన పదార్థమును శస్త్రముతో జొప్పించెను. ఆమె యనుమతి యడుగలేదు, ఉద్దేశమును జెప్పలేదు. ఆమె ఫిర్యాదు న్యాయస్థానమున కెక్కెను. 1880లో బెర్గెన్ న్యాయాధిపతులు ఆయనను వైద్యశాలలోని యుద్యోగమునుండి తొలగించిరి. దేశమునకెల్ల కుష్ఠవైద్యాధికారిత్వము మాత్రము ఆయనకు నిలిచెను.

ఆయన సిద్ధాంతము సత్యమే. ఆ తీర్పును న్యాయమే. పేదరాలి శరీరము పండితుడు తన యిచ్చవచ్చినట్లు గంటమాడించు తాటాకు గాదు.

ఆయన ప్రోత్సాహమున నార్వేలో 1877లోను, 1885లోను శాసనములు వెలసెను. రోగులను వేరుపరచి పోషించుచుండగా వ్యాధి క్రమముగా దగ్గెను. హాన్సెన్ 1912లో దివంగతుడయ్యెను. కాని అంటువ్యాధి యను సత్యము పాతనిందను దొలగించుచునే క్రొత్తభయమును దెచ్చెను. మన దేశమున రోగులను నిర్బంధించుట కనుమతించిన 1898వ సంవత్సరపు శాసనము 2016లో గాని రద్దుకాలేదు. కుష్ఠము విడాకులకు గారణమను నియమము 2019లో గాని తొలగలేదు. మూడు మందులను గలిపి యిచ్చు చికిత్సను ప్రపంచారోగ్యసంస్థ 1981లోనే విధించియుండెను. ఆ చికిత్స ప్రారంభించిన కొలదిదినములలోనే రోగి యితరులకు వ్యాధి నంటింపనివాడగును.

ఇక నా తప్పునుగూడ జెప్పుకొందును. నేను బోధించిన యొక బడిలో, తండ్రికి చికిత్స ముగిసి స్వస్థత చేకూరిన పిమ్మటను, ఒక బాలుడు వెనుకబల్లపై నొంటిగా గూర్చుండెడివాడు. తోడివారు వాని నీళ్లచెంబును ముట్టెడివారు గారు. చికిత్స పొందినవానివలన భయము లేదని పాఠము చెప్పితిని. పరీక్షలో ప్రశ్నయు నిచ్చితిని. ఆ బాలుని ప్రక్కకు బోయి కూర్చుండి, వాని చెంబులోని నీరు త్రాగినవాడను గాను. ఆ యొక్కపని చేసియున్నచో, నేను జెప్పిన పాఠమును పిల్లలు నమ్మియుందురు.

హాన్సెన్ చరిత్రమునుండి నేను గ్రహించిన దింతియే: సత్యమును గనుగొనుటతో బండితుని పని ముగియదు, ఆ సత్యము ఎవనికై కనుగొనబడెనో వాని మానమును గాపాడుటతో గాని యది పూర్తికాదు. మీ యూరనో, మీ వీథినో స్వస్థుడైన రోగి యున్నచో, వానిని బిలిచి మీ ప్రక్కను గూర్చుండబెట్టుకొనుడు.