అరువు తాళంచెవి

ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటరులో పిల్లలకు పరిమిత ఖాతా తెరిచి, నిర్వాహక ఖాతాను తమ దగ్గరే అట్టేపెట్టుకున్న పెద్దలకు ఒక చిక్కు అనుభవమే. ఏదో ఆటో, నిఘంటువో పిల్లల ఖాతాలో తెరుచుకోదు. నిర్వాహకుడు వస్తేనే నడుస్తానని భీష్మించుకుంటుంది. ఇంటి యజమానికి అభ్యంతరం లేదు, అభ్యంతరమంతా ప్రోగ్రాముదే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ చక్కగా అతుకుతుంది. ఈ పేచీకి యాభై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. దాన్ని చదివినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న కనబడుతుంది: అధికారాన్ని మనిషికి ఇవ్వాలా, పనికి ఇవ్వాలా?

బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపుదిద్దుకుంటున్న రోజుల్లో డెనిస్ రిచీ దీనికి చెప్పిన జవాబు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. సంకేతపదాల దస్త్రంలో అందరి వివరాలూ ఉంటాయి కనుక అందులో సామాన్య వాడుకరిని రాయనివ్వకూడదు. కానీ తన సంకేతపదాన్ని తాను మార్చుకునే హక్కు అతనికి ఉండాలి. రెండూ ఎలా పొసగుతాయి? రిచీ ఆ అధికారాన్ని మనిషికి ఇవ్వలేదు. సంకేతపదం మార్చే ఆ ఒక్క ప్రోగ్రాముకు ఇచ్చాడు. ప్రోగ్రాము దస్త్రం మీద ఒక గుర్తు పెడితే చాలు, దాన్ని ఎవరు నడిపినా అది తన సొంతదారు హక్కులతో నడుస్తుంది. ఆ గుర్తు పేరే సెట్‌యూఐడీ. బ్యాంకులో సొమ్ము జమ చేయడానికి వెళ్తే మన చేతికి లెడ్జరు ఇవ్వరు కదా, కిటికీ అవతలి గుమాస్తా రాస్తాడు, అలాంటిదే ఇదీ. దీనికి 1973లో పేటెంటు దరఖాస్తు పెట్టారు, 1979లో మంజూరైంది, ఆ తరువాత దాన్ని ప్రజలకే వదిలేశారు. పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లో తమ ప్రసిద్ధ వ్యాసంలో విడమరచి చెప్పారు.

గుమాస్తా అమాయకుడైతే మాత్రం ఖజానా గల్లంతే. ఆ గుర్తున్న ప్రోగ్రాములో చిన్న లోపం ఉన్నా, దాన్ని మోసగించినవాడికి తాళంచెవుల గుత్తి మొత్తం దక్కుతుంది. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు బఫెలో శాఖలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ ఒక వ్యాక్స్ యంత్రం మీద రాసిన సుడో మరో అడుగు ముందుకేసింది: ఏ వాడుకరి ఏ ఆజ్ఞను నిర్వాహకుడి పేర నడపవచ్చో ఒక జాబితాలో రాసిపెట్టుకోవచ్చు. నిర్వాహకుడి సంకేతపదం ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఇళ్ళలోని కంప్యూటర్లకు ఈ సంప్రదాయం చేరలేదు. విండోస్ 95లో లాగిన్ కిటికీ వస్తే క్యాన్సిల్ నొక్కి లోపలికి పోవచ్చు! 1993లో వచ్చిన ఎన్‌టీలో హక్కుల విభజన పటిష్ఠంగానే ఉంది కానీ అది కార్యాలయాల సరుకు. 2001లో ఎక్స్‌పీ ఆ రెండు పాయలనూ కలిపింది. అయితే, స్థాపన వేళ తెరిచే ఖాతాలన్నిటినీ నిర్వాహకులుగానే ఉంచింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళూ నిర్వాహకులుగానే కూర్చుని రాశారు. తమ ఆట స్కోర్లను ప్రోగ్రామ్ ఫైల్స్ సంచయంలోనే రాసుకున్నారు, అభిరుచులను యంత్రం మొత్తానికి చెందిన రిజిస్ట్రీ భాగంలో దాచారు. పరిమిత ఖాతాకు ఆ రెండు చోట్లా రాసే హక్కు లేదు. తప్పు వాడుకరిది కాదు, ఖాతాదీ కాదు.

మనవాళ్ళకు ఈ గోడ మరో రూపంలో ఎదురైంది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది: ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల తోడ్పాటును చేతనం చేయకపోతే ఫైర్‌ఫాక్స్‌లో మన ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురయ్యేవి. కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేసి, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టాలి. ఇదంతా నిర్వాహకుడి పని. నెట్ కేంద్రంలోనో ఆఫీసులోనో పరిమిత ఖాతాలో కూర్చున్నవాడికి తన మాతృభాష సరిగ్గా కనబడాలంటే ఇంకొకరి అనుమతి కావలసివచ్చింది. స్థాపన అవసరం లేకుండా జాలపుటలోనే తెలుగు రాయించిన లేఖినికి అంత ఆదరణ దొరకడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

అడ్డదారులు లేకపోలేదు. విండోస్ 2000తో వచ్చిన రన్ యాజ్ ఒకటి: నిర్వాహకుడి సంకేతపదం ఇచ్చి ఒక్క ప్రోగ్రామును మాత్రం ఆయన పేర నడపడం. చిక్కేమిటంటే, అలా నడిచే ప్రోగ్రాము నిజంగానే ఆయనదవుతుంది. పిల్లవాడు దాచుకున్న పాఠం నిర్వాహకుడి మై డాక్యుమెంట్స్‌లోకి పోతుంది! ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో సంకేతపదాన్ని ఒకసారి ఇచ్చి భద్రపరిచే వీలు కూడా ఉండేది. కానీ ఆ భద్రపరచడం ఒక్క ప్రోగ్రాముకు పరిమితం కాదు. ఆ ఖాతాలో ఉన్నవాడు దానితో ఏ ఆజ్ఞనైనా నడపగలడు. తలుపు తీయమంటే ఇల్లు రాసిచ్చినట్టు.

ఓపికున్నవాళ్ళు మరో దారి పట్టారు. మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్‌ల ఫైల్‌మాన్, రెగ్‌మాన్ పరికరాలు ప్రోగ్రాము ఏ దస్త్రాన్ని తాకుతోందో, ఏ రిజిస్ట్రీ మీటను తడుముతోందో వరుసగా చూపేవి. ఎక్కడ తిరస్కారం ఎదురైందో చూసి, ఆ ఒక్క సంచయంలో మాత్రం వాడుకరికి రాసే హక్కు ఇస్తే చాలా ప్రోగ్రాములు బుద్ధిగా నడిచేవి. రిచీ ఆలోచనకు దగ్గరి చుట్టం ఇదేనని నేననుకుంటాను. మందు ఉన్నచోటే కట్టు కట్టినట్టు కాక, గాయం ఎక్కడుందో వెతికి కట్టడం.

2007లో విస్టా వచ్చి మాటిమాటికీ అనుమతి అడిగి అందరి చేతా తిట్లు తిన్నది. ఆ తిట్ల హోరులో ఒక మంచి పని మరుగునపడింది: పాత ప్రోగ్రాము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, దానికి తెలియకుండానే ఆ రాతను వాడుకరి సొంత సంచయంలోకి మళ్ళించేది. 2008 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన డేవిడ్ క్రాస్ ఒక సమావేశంలో, ఆ అనుమతి కిటికీని పెట్టింది వాడుకరులను విసిగించడానికేనని నిర్మొహమాటంగా అన్నాడు. విసిగిన జనం ప్రోగ్రాముకర్తల మీద పడితే వాళ్ళు తమ రాత మార్చుకుంటారని లెక్క. విసుగు మనకు, చికిత్స వాళ్ళకు! అన్యాయమే, కానీ పనిచేసింది.

యూనిక్స్ వైపూ అంతా సవ్యమని కాదు. 2011లో సుడోలో దూరిన ఒక లోపం 2021 జనవరిలో గానీ బయటపడలేదు. జాబితాలో పేరు లేని వాడుకరి కూడా దాని ద్వారా సర్వాధికారి కాగలిగేవాడు. ఆ సుడో కూడా రిచీ గుర్తు పెట్టిన ప్రోగ్రామే. 2024లో అదే పేరుతో ఒక ఆజ్ఞ విండోస్ 11లోకీ వచ్చింది. మొదట అది అచేతనంగా ఉంటుంది. చేతనం చేయాలంటే నిర్వాహక హక్కులు కావాలి.