చెన్నపురి వ్రాతబల్ల – పాదముల వెచ్చదనము

చెన్నపట్టణమున చలియనిన నవ్వువారే యెక్కువ. ధనుర్మాసమున సైతము ఇచ్చటి తెల్లవారుజాము వేడిమి సాధారణముగా 20 డిగ్రీలకు మిక్కిలి దిగువకు పోదు. 1905 జనవరిలో అది 13.9 డిగ్రీలకు దిగుట నగరచరిత్రలో అరుదైన సంగతి. అయినను ఇంట బల్లయొద్ద గంటలకొలది కూర్చుండు పెద్దలు పాదములు చల్లబడుచున్నవని చెప్పుట నేడు మన కుటుంబములలో వినవచ్చుచున్నది. ఈ చలి యెచ్చటినుండి వచ్చినది?

మన పూర్వులు వ్రాతకు కుర్చీ నెరుగరు. తాటియాకును ఎడమచేత బట్టి, కుడిచేత గంటము నడపుచు, బాసింపట్టు వేసికొని వ్రాసిరి. కాగితము వచ్చిన పిదప వాలుగా నుండు వ్రాతపెట్టె వచ్చెను, అదియు చాపమీదనే. 19వ శతాబ్ది పూర్వార్ధమున సి. పి. బ్రౌను కడపలో తన బంగళాయందు పండితులను, వ్రాయసగాండ్రను పోషించి కావ్యములకు ప్రతులు వ్రాయించెను. ఆయన సేకరించిన ప్రతులలో అనేకములు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమును చేరినవి. నేలమీద మడచి కూర్చున్నవానికి తొడలే పాదములకు కప్పు. చాపలోని గాలి నేల చల్లదనమును అడ్డగించును.

ఆంగ్లేయుల కచేరీలతో కుర్చీ వ్యాపించెను, పాదములు నేలకు దిగెను. ఆ నేలయు క్రమముగా కడపరాయి, మొజాయిక్కు, చలువరాయి ఆయెను. రాయి వేడిమిని త్వరగా లాగికొనును. చలి సోకినంతనే శరీరము పాదములలోని రక్తనాళములను సంకోచింపజేసి, లోని అవయవముల వేడిమిని కాపాడుకొనును.

రెండవ కారణము శీతలయంత్రము. 1902లో అమెరికాలో విల్లిస్ కారియరు దీనిని రూపొందించినది మనుష్యుల సుఖమునకు కాదు. బ్రూక్లిన్ నగరపు ముద్రణాలయమున తేమకు కాగితము సాగి రంగులు తప్పుచుండుటచే. చల్లనిగాలి బరువైనది కావున నేలకు దిగి బల్లక్రింద నిలుచును. 2020లో మహమ్మారివలన ఇల్లే కచేరీ యైనపుడు ఈ బాధ పలువురికి తెలిసెను.

చలిదేశములవారు దీనికి పూర్వమే ఉపాయములు కనుగొనిరి. హాలెండువారు బెజ్జములుగల కొయ్యపెట్టెలో నిప్పుల మూకుడు నుంచి దానిపై పాదములు మోపిరి; వెర్మీరు చిత్రించిన పాలు వంచు పనికత్తె పటమున అట్టి పెట్టె నేలమీద కనబడును. కాశ్మీరమున కాంగిడి, మనకు కుంపటి కలవు. కాని మూసిన గదిలో బొగ్గుల ఆవిరి ప్రాణాంతకము. మధుమేహముచే స్పర్శ తగ్గిన పాదములకు వేడినీళ్ల సంచియు ప్రమాదమే, కాలినను తెలియదు.

కావున వేడి పెట్టుటకన్న ఉన్న వేడిని నిలుపుటయే మేలు. పాదములక్రింద కొయ్యపీట, దానిపై చాప, నూలు మేజోళ్లు, యంత్రపుగాలిని ప్రక్కకు మళ్లించుట, గంటకొకమారు లేచి నడచుట చాలును.

ఇది చిన్న విషయమని తలపరాదు. పాఠశాలలలో తమిళమును నిర్బంధ పాఠ్యముగా జేసిన 2006 నాటి చట్టము తరువాత, ఈ రాష్ట్రమున మన పిల్లలలో పెక్కుమందికి ఓనమాలు దిద్దించు భారము ఇంటి పెద్దలపై బడినది. తాతగారు, అమ్మమ్మగారు ఆ బల్లయొద్ద మరియొక గడియ హాయిగా కూర్చుండగలిగిన, పిల్లవానికి మరియొక పద్యము వచ్చును. వారి పాదములక్రింద పీట యున్నదో లేదో మనము ఈ సాయంకాలమే చూచుకొందము.