కొలతయు ధరయు: స్వేచ్ఛావాదుల చరిత్రలో ఒక ధర్మసందేహము

రాజకీయములను గూర్చి వ్యాఖ్యానించువాని ముందు ఎల్లప్పుడును రెండు మార్గములు కనబడుచుండును. తాను నమ్మిన సూత్రమును ఇసుమంతయు సడలింపక, లోకమంతయు ఒకవైపు నిలిచినను తన మాట తాను చెప్పుట ఒక మార్గము. ఉన్న పరిస్థితులలో ఏది సాధ్యమో విచారించి, పూర్తిగా దక్కనిచోట సగమైనను దక్కించుకొనుట రెండవ మార్గము. మొదటిదానిని సిద్ధాంతశుద్ధి యనియు, రెండవదానిని వ్యవహారజ్ఞాన మనియు పిలుతము. మొదటి త్రోవవారు రెండవవారిని రాజీపడినవారని నిందింతురు. రెండవవారు మొదటివారిని గాలిలో మేడలు కట్టువారని పరిహసింతురు.

ఈ వివాదము అన్ని సిద్ధాంతములవారికిని కలదు. కాని ప్రభుత్వాధికారమునకు హద్దులుండవలె ననియు, మనుష్యుడు తన కష్టార్జితమును, తన వృత్తిని, తన వాక్కును స్వేచ్ఛగా వినియోగించుకొనవలె ననియు వాదించు స్వేచ్ఛావాదులకు ఇది మరింత తీవ్రమైనది. ఏలయన, అధికారమును శంకించుటయే వారి సిద్ధాంతము. కాని శాసనసభలో బలము లేనిదే ఆ అధికారమును తగ్గించుటకు వీలులేదు. బలము కావలెనన్న పదిమందితో చేతులు కలుపక తప్పదు.

మన దేశమున ఈ ధర్మసందేహము 1955 మొదలు 1974 వరకు ఒక కథగా నడచినది. అందు తెలుగువారి పాత్ర చిన్నది కాదు. ఆ కథానాయకులు నేడు లేరు, వారు స్థాపించిన పక్షమును లేదు. పక్షరాజకీయములకు దూరముగ నుండవలసిన ప్రభుత్వోద్యోగులమైన మనము కూడ రాగద్వేషములు లేకుండ దానిని చరిత్రగా పరిశీలింపవచ్చును.

1955 జనవరిలో ఆవడి కాంగ్రెసు మహాసభ సామ్యవాద తరహా సమాజమును దేశలక్ష్యముగ ప్రకటించెను. ఆ సంవత్సరమే రెండవ పంచవర్ష ప్రణాళిక రూపురేఖలను పరిశీలించుటకు ఆర్థికశాస్త్రజ్ఞుల మండలి కూడెను. ఆ మండలిలో తక్కినవారందరు ఒక త్రోవను పోగా, బి. ఆర్. షెనాయ్ గారొక్కరే భిన్నాభిప్రాయ పత్రమును సమర్పించిరి. తుదిరూపమున ఆ ప్రణాళికయందు ప్రభుత్వరంగ వ్యయము 4,800 కోట్ల రూపాయలు. అందు 1,200 కోట్లు లోటు బడ్జెట్టు ద్వారా సమకూర్పవలసియుండెను. ప్రజలు నిజముగ పొదుపు చేయగల ధనమునకు మించి ప్రణాళికను పెంచినచో ధరలు పెరుగుననియు, ధరలను అణచుటకు కంట్రోళ్లు వచ్చుననియు, కంట్రోళ్లు ప్రజాస్వామ్యమునకే చేటు తెచ్చుననియు షెనాయ్ గారి వాదము.

ఆ పత్రమువలన ప్రణాళిక మారలేదు. కాని 1957-58 నాటికే విదేశమారకద్రవ్యమునకు కటకట యేర్పడెను. 1966 జూన్ 6వ తేదీన డాలరుకు 4 రూపాయల 76 పైసలుగ నున్న మారకపు రేటు 7 రూపాయల 50 పైసలాయెను. ఈ పరిణామములకు యుద్ధములు, కరవులు మొదలగు ఇతర కారణములును కలవు గనుక షెనాయ్ గారు చెప్పినదంతయు అక్షరాల జరిగెనని అనరాదు. ఐనను ఎవ్వరును పలుకనివేళ ఒక్కరు పలికిరి. ఫైళ్లపై నోట్లు వ్రాయుటయే వృత్తిగాగల మనకు ఇందలి విలువ సులభముగ బోధపడును. నిర్ణయము వేరుగ జరుగవచ్చును. నోటు మాత్రము ఫైలులో నిలిచియుండును. తరువాతివాడెవడైన ఆ పుటను త్రిప్పినపుడు, ఈ సంగతి ఆనాడే ఒకరికి తోచెనని తెలియును. శుద్ధవాది చేయగల మహోపకార మిదియే. అతని లోపమును ఇందే కలదు. ఆ నోటును చదువగలిగినవారు కొలదిమంది. పొలము దున్నుకొను రైతునకుగాని, పర్మిట్టుకొరకు నెలలతరబడి తిరుగు చిన్న వర్తకునకుగాని దానివలన ఆనాడు ఒరిగిన దేమియు లేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము రాజాజీ. 1952లో ఆయన మద్రాసు ముఖ్యమంత్రియైనపుడు మన కోస్తా జిల్లాలును, రాయలసీమయు ఆ రాష్ట్రములోనివే. రేషను దుకాణముల ముందు బారులు తీరిన కాలమది. ఆయన గ్రంథములు వల్లించుచు కూర్చుండక, పదవికి వచ్చిన కొలది వారములలోనే ఆహారధాన్యములపై కంట్రోలును సడలించిరి. తరువాత కేంద్రమున రఫీ అహమద్ కిద్వాయ్ గారు అదే త్రోవను దేశమంతటికిని విస్తరింపజేసిరి. అధికారము చేతనున్నవాడు ఒక్క ఉత్తర్వుతో చేసినది, అధికారము లేనివాడు నూరు వ్యాసములతో చేయలేడని ఇది నిరూపించును.

అయితే రాజాజీ శుద్ధ స్వేచ్ఛావాది యని యెవరును చెప్పజాలరు. 1937లో సేలం జిల్లాయందు మద్యనిషేధమును ప్రవేశపెట్టినది ఆయనయే. దానివలన తరిగిన ఆదాయమును పూరించుటకు 1939లో అమ్మకపు పన్నును తెచ్చినదియు ఆయనయే. 1938లో పాఠశాలలయందు హిందీని నిర్బంధము చేసినవారు, ఇరువదియేండ్ల పిమ్మట హిందీ నిర్బంధమును ఎదిరించినవారును ఆయనయే. శుద్ధవాది ఈ పట్టికను చూచి పెదవి విరచును. కాని పర్మిట్టు-లైసెన్సు-కోటా రాజ్యమను మాటను సామాన్యుల నాలుకపైకి తెచ్చిన ఘనతయు ఆయనదే. ఈ మాట ఒక సిద్ధాంతమును ఒక్క ఊపిరిలో వినిపించెను.

ఆ మాటలకు వేదికయైనది స్వరాజ్య వారపత్రిక. 1956లో మద్రాసునుండి వెలువడిన ఈ ఆంగ్లపత్రికకు సంపాదకులు మన నెల్లూరువారైన ఖాసా సుబ్బారావుగారు. ప్రకాశం పంతులుగారి స్వరాజ్య దినపత్రికలో కలము పట్టి, స్వాతంత్ర్యోద్యమమున దెబ్బలు తిని, 1946లో స్వతంత్ర అను వారపత్రికను తామే నెలకొల్పిన అనుభవము వారిది. పత్రికాసంపాదకుని స్థితి ఆర్థికశాస్త్రజ్ఞుని స్థితికిని, మంత్రి స్థితికిని నడుమ నుండును. శాస్త్రజ్ఞుడు ఏకాంతమున సత్యము చెప్పవచ్చును. మంత్రి కార్యము చేసి ఊరకుండవచ్చును. సంపాదకుడు మాత్రము వారము వారము పాఠకునకు రెండును విడమరచి చెప్పవలయును: ఇది నా సూత్రము, ఇది నేటి సంఘటన, రెంటికిని ఇంత దూరము కలదు, అని. 1961లో వారు కీర్తిశేషులైరి. ఆ యెడమను చూపవలసిన కాలము అప్పుడే ఆరంభమైయుండెను.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానించెను. తన కమతము తనదిగా నమ్ముకొన్న రైతునకు ఆ తీర్మానము కలవరము కలిగించెను. ఆ జూన్ 4వ తేదీన మద్రాసునందు స్వతంత్ర పక్షము ప్రకటింపబడెను. గుంటూరు జిల్లా నిడుబ్రోలు వాస్తవ్యులు, ఆక్స్‌ఫర్డులో చదివినవారు, ఆచార్య రంగాగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. మసానీ 1934లో కాంగ్రెసు సోషలిస్టు పక్షమును స్థాపించినవారిలో ఒకరు! రంగాగారో, 1930 ప్రాంతముల జమీందారులకు ఎదురుగ రైతులను కూడగట్టిన నాయకులు. ఇపుడు వారితో ఒకే వేదికపై కూర్చుండినవారిలో ఒరిస్సా, రాజస్థానముల మాజీ సంస్థానాధీశులు కలరు. ఈ స్వేచ్ఛ రైతుకొరకా, రాజులకొరకా యని విమర్శకులు అడిగిరి. అది అడుగదగిన ప్రశ్నయే.

ఆ పక్షము ప్రకటించిన మూలసూత్రములు ఇరువదియొకటి. వానిలో చివరిది మిక్కిలి విచిత్రమైనది. మూలసూత్రముల పరిధిలోనికి రాని సకల విషయములందును సభ్యులకు పూర్తి స్వేచ్ఛ కలదని అది చెప్పును. ఇది శుద్ధికిని వ్యవహారమునకును మధ్య వ్రాసికొన్న సంధిపత్రము.

ఈ సంధి ఎట్లు పనిచేసెనో తెలియుటకు మన ఆంధ్రదేశపు ఉదాహరణ మొకటి చాలును. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు సమస్యపై ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. నిషేధమువలన వృత్తి కోల్పోయిన గీతకార్మికుల పక్షమున ఆ దినములలో ఉద్యమించిన నాయకులు శ్రీకాకుళము జిల్లాకు చెందిన గౌతు లచ్చన్నగారు. ఐదేండ్లు గడచులోపల మద్యనిషేధమునకు ప్రాణము పెట్టు రాజాజీయు, గీతవృత్తికి ప్రాణము పెట్టు లచ్చన్నగారును ఒకే పక్షములోనివారైరి! స్వేచ్ఛాసూత్రమును ఖచ్చితముగ పట్టి చూచినచో ఈ విషయమున న్యాయము లచ్చన్నగారివైపే యుండును. రాజాజీ తన పట్టు విడువలేదు. 1971లో తమిళనాడు ప్రభుత్వము నిషేధమును ఎత్తివేయబూనినపుడు, తొంబదిరెండేండ్ల వయసున ముఖ్యమంత్రి కరుణానిధిగారిని స్వయముగ కలసి వలదని వేడుకొనిరి. ఈ భేదము ఉన్నదని ఇరువురును ఎరుగుదురు, లోకమును ఎరుగును. దానిని దాచిపెట్టలేదు గనుక దానివలన వారి గౌరవమునకు భంగము కలుగలేదు.

1962లో ఆ పక్షమునకు లోక్‌సభలో 18 స్థానములు లభించెను. 1967లో అవి 44 ఆయెను. సభలో కాంగ్రెసు తరువాత పెద్దపక్ష మదియే. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 నుండి 29కి పెరిగెను. ఈ వృద్ధి ఉచితముగ రాలేదు. మద్రాసులో 1967 ఎన్నికలలో డి. ఎం. కె. నాయకత్వమున నేర్పడిన కూటమిలో స్వతంత్ర పక్షముతోపాటు మార్క్సిస్టు కమ్యూనిస్టులును కలరు. ఆస్తిహక్కు మూలసూత్రముగ గలవారు, ఆస్తిహక్కును నిర్మూలింపదలచినవారు ఒకే పందిరిక్రింద ఓట్లడిగిరి. ఒక్క పక్షమే చిరకాలము రాజ్యము చేయుట ప్రజాస్వామ్యమునకు ప్రమాదమని రాజాజీ సమాధానము. అందు సత్యము లేకపోలేదు. ఒరిస్సాలో మాత్రము కూటమివలన నిజముగ అధికారము దక్కి, 1967 మొదలు 1971 వరకు స్వతంత్ర పక్షీయులైన ఆర్. ఎన్. సింగ్ దేవ్ గారు ముఖ్యమంత్రిగ నుండిరి.

ఇచట ఒక లౌకికమైన పోలిక చెప్పుదును. బట్టల దుకాణదారు గిరాకీని బట్టి ధర తగ్గింపవచ్చును, తెలిసినవారికి అరువీయవచ్చును, పండుగనాడు కొంత నష్టమునకే అమ్మవచ్చును. అది వ్యాపారధర్మము. కాని గజపుబద్దను మాత్రము కత్తిరింపరాదు. ధర తగ్గించిన వర్తకుడు మరునాడు మరల పెంచుకొనగలడు. బద్దను కత్తిరించినవాడు తాను ఎంత అమ్ముచున్నాడో తానే యెరుగడు. రాజకీయమున పొత్తు ధరవంటిది, సూత్రము కొలతవంటిది. మిత్రపక్షమువాడు చేసినను తప్పు తప్పే యని చెప్పగలిగినంతవరకు ఆ పొత్తు ధర తగ్గించుటయే యగును. మనవాడు చేసినాడు గనుక అది తప్పుగాదని చెప్పుటకు ఆరంభించిన క్షణమున బద్ద విరిగినట్లే.

రాజాజీ ఈ పరీక్షలో అన్నివేళల నెగ్గిరో లేదో పాఠకులే నిర్ణయింతురుగాక. కాని 1964లో నెహ్రూగారు అస్తమించినపుడు ఆయన స్వరాజ్యలో వ్రాసినది గమనింపదగినది. పదేండ్లుగ తాను ఆయన విధానములతో పోరాడితిననియు, ఐనను ఆ దోషములను దిద్దగలవారు ఆయన యొక్కరే యని తాను ఎరుగుదుననియు దాని తాత్పర్యము. ప్రత్యర్థి గొప్పతనమును ఒప్పుకొనుట వలన ఆయన సూత్రమేమియు తరుగలేదు.

1971లో మహాకూటమి ఘోరముగ ఓడిపోయెను. స్వతంత్ర పక్షమునకు మిగిలినవి 8 స్థానములు. 1972 డిసెంబరు 25న రాజాజీ దివంగతులైరి. 1974లో ఆ పక్షము చరణ్ సింగ్ గారి భారతీయ లోకదళమున విలీనమాయెను. రంగాగారు మరల కాంగ్రెసున చేరి, 1980లో గుంటూరునుండి లోక్‌సభకు ఎన్నికైరి.

కథ అంతటితో ముగిసెనని తోచును. కాని 1975లో అత్యవసర పరిస్థితి వచ్చి పత్రికలపై సెన్సారు విధింపబడినపుడు, ఎన్నికలలో ఓడి ఇంట కూర్చున్న మసానీ తమ ఫ్రీడమ్ ఫస్ట్ అను చిన్న మాసపత్రికకొరకు బొంబాయి హైకోర్టు మెట్లెక్కిరి. 1976లో న్యాయస్థానము ఆయన పక్షమున తీర్పు చెప్పెను. నలుబదినాలుగు స్థానములున్ననాడు సాధింపలేని యొక విజయమును, ఒక్క స్థానమును లేనినాడు సాధించిరి. శుద్ధికి కాలము వచ్చినపుడు సంఖ్యతో పని లేదు.

వ్యవహారమునకును కాలము వచ్చెను. 1991 జులై 24న పదునెనిమిది పరిశ్రమలు మినహా తక్కినవానికి లైసెన్సు అక్కరలేదని భారతప్రభుత్వము ప్రకటించెను. ఆనాటి ప్రధానియు, పరిశ్రమల శాఖను స్వయముగ నిర్వహించుచున్నవారును మన పి. వి. నరసింహారావుగారు. ఆయన ఏనాడును స్వతంత్ర పక్షీయులు కారు. సరికదా, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగ భూపరిమితి చట్టమును నడిపిన కాంగ్రెసువారు. విదేశమారకద్రవ్యము అడుగంటిన విషమఘడియలో, సిద్ధాంతమును చాటింపక, సాధ్యమైనది సాధ్యమైనంత చేసిరి. ముప్పదియారేండ్లనాటి భిన్నాభిప్రాయ పత్రములోని కొన్ని పంక్తులు ఆనాడు ప్రభుత్వవిధానములో చోటు చేసికొనెను. వ్రాసిన షెనాయ్ గారు అప్పటికి పదుమూడేండ్ల క్రిందటనే గతించిరి.

కావున శుద్ధవాది లేనిదే వ్యవహర్తకు తాను ఎంత దూరము తొలగెనో తెలియదు. వ్యవహర్త లేనిదే శుద్ధవాది మాట కాగితము దాటదు. వీరిలో నెవరు గొప్పయని వాదులాడుటకంటె, మనము మాటలాడునపుడు కొలత చెప్పుచున్నామో, ధర చెప్పుచున్నామో వినువానికి తెలియునట్లు చెప్పుట మేలు. సాయంకాలము కచేరి విడిచి వచ్చి, వార్తాపత్రిక ముందుంచుకొని దేశమును గూర్చి తర్కించుకొను మనవంటివారు కూడ ఈ ఒక్క నియమమును పాటించినచో, స్నేహములు చెడకుండ అభిప్రాయములు నిలుపుకొనవచ్చును.