మండువా లోగిలి అటక

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప కాలువ నీటితో కోనసీమ సిరి పెరిగెను. కాలక్రమమున ఆ సిరి మండువా లోగిళ్ళ రూపము దాల్చెను. వానిలో పెంకు కప్పునకును గదికిని నడుమ బల్లలు పరచిన అటక యుండెడిది. కొబ్బరికాయలను నెలల తరబడి అందుంచగా, లోని నీరింకి కురిడీలయ్యెడివి. కాయను ఎండించిన ఆ వేడిమియే, అటక లేనిచో, క్రింద పండుకొన్నవారిపైకి దిగెడిది. చెక్క వేడిని త్వరగా దిగనీయదు; పెంకుల సందులనుండి వేడిగాలి వెడలిపోవును.

తరువాత సిమెంటు కప్పులు వచ్చినవి. పెంకులవలె తుపానుకు ఎగిరిపోవునవి కావు గనుక, 1996 నవంబరు తుపానును చూచినవారు వానిని కోరుట సహజమే. కాని పగలు త్రాగిన యెండను ఆ కప్పు రాత్రి గదిలోనికి విడుచును.

దీనికి విరుగుడుగా తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. ఎండను తిప్పికొట్టు తెల్లని పూత అందొక మార్గము. మన డాబాలకును అది పనికివచ్చును. పూతకు ముందును తరువాతను గదిలో ఉష్ణమాపకమును వ్రేలాడగట్టి అంకెలు వ్రాసికొనుడు. పాత లోగిలి యున్నచో, కూల్చుటకు ముందు అటకపైనను క్రిందను కొలిచి చూడుడు. పెద్దల కట్టడపు విలువ అప్పుడు తెలియును.