విద్యార్థి సంఘాధ్యక్షుడిగా సీతారాం ఏచూరి

విద్యార్థి నాయకత్వం భారతదేశంలో రెండు రకాల పునాదుల మీద పెరిగింది. ఒక విశ్వవిద్యాలయంలోని విద్యార్థులందరూ, రాజకీయాభిప్రాయాలతో నిమిత్తం లేకుండా, ఓటు వేసి ఎన్నుకునే సంఘం మొదటిది కాగా, ఒక సిద్ధాంతాన్నో పార్టీనో అనుసరించే విద్యార్థులు స్వచ్ఛందంగా చేరే సంస్థ రెండవది. మొదటిదానికి నాయకుడైన వ్యక్తి తనకు ఓటు వేయనివారికి కూడా జవాబుదారీ కాగా, రెండవదానికి నాయకుడైన వ్యక్తి ప్రధానంగా తన సంస్థకే జవాబుదారీ. తెలుగు కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో పెరిగి, ఢిల్లీలో ఈ రెండు రకాల నాయకత్వాలనూ నిర్వహించిన సీతారాం ఏచూరి విద్యార్థి జీవితాన్ని ఆయన పార్టీ జీవితానికి ముందుమాటగా చూడడం పరిపాటి; అయితే ఆయన విద్యార్థి దశలోని అత్యంత ప్రసిద్ధమైన ఘట్టానికి బలాన్నిచ్చింది ఈ మొదటి రకపు పునాదే.

ఈ రెండు ధారలూ ఆయన పుట్టుకకు ముందే దేశంలో, తెలుగు నేలలో ప్రవహిస్తున్నాయి. అఖిల భారత విద్యార్థి సమాఖ్య 1936 ఆగస్టు 12న లక్నోలో ఏర్పడింది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో వందేమాతరం పాడడాన్ని నిజాం ప్రభుత్వం నిషేధించినప్పుడు, ఆ ఆజ్ఞను ధిక్కరించిన విద్యార్థులు బహిష్కరణకు గురై, వారిలో అనేకులు నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించవలసి వచ్చింది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు కూడా అలా నాగపూర్ చేరినవారే. చదువుకునే చోటులో పౌరహక్కు కోసం నిలబడితే ఆ చోటే చేజారిపోవచ్చునన్న అనుభవం తెలుగు విద్యార్థులకు స్వాతంత్ర్యానికి ముందునుంచే ఉంది.

ఏచూరి 1952 ఆగస్టు 12న మద్రాసులో జన్మించారు. తండ్రి సర్వేశ్వర సోమయాజులు ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో ఇంజనీరు, తల్లి కల్పకం ప్రభుత్వోద్యోగి. హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ ఉన్నత పాఠశాలలో పదవ తరగతి దాకా చదివిన ఆయనను ఢిల్లీకి చేర్చింది మరొక విద్యార్థి ఉద్యమమే కావడం గమనించదగిన విషయం. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ఇచ్చిన ఉద్యోగ రక్షణలు అమలు కాలేదన్న ఆవేదనతో 1969 జనవరిలో ఖమ్మం జిల్లాలో మొదలైన ఆందోళన కొద్ది వారాల్లోనే ఉస్మానియాకు పాకి, చదువులు స్తంభించిపోగా, అనేక కుటుంబాలు పిల్లలను ఇతర ప్రాంతాలకు పంపాయి. ఢిల్లీలోని ప్రెసిడెంట్స్ ఎస్టేట్ పాఠశాలలో చేరిన ఏచూరి 1970లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి పరీక్షలో దేశంలోనే ప్రథమ స్థానం సాధించి, సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అర్థశాస్త్రంలో పట్టా పొంది, ఎం.ఏ. కోసం జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో (జె.ఎన్.యు.) అడుగుపెట్టారు.

1969లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘ నిర్మాణం దేశంలోని ఇతర సంఘాలకు భిన్నమైనది. సంఘపు నియమావళిని అధికారులు రాసివ్వలేదు, విద్యార్థులే చర్చించి రూపొందించుకున్నారు. ఎన్నికలను నిర్వహించేది విద్యార్థులతోనే ఏర్పడే ఎన్నికల సంఘం. అధ్యక్షుడితో కలిపి నలుగురు ప్రధాన బాధ్యులను విశ్వవిద్యాలయమంతా నేరుగా ఎన్నుకోగా, ఒక్కొక్క అధ్యయన విభాగం నుంచి కౌన్సిలర్లు విడిగా ఎన్నికవుతారు. అధ్యక్ష పదవికి పోటీచేసేవారు రాత్రి పొద్దుపోయేదాకా సాగే బహిరంగ చర్చలో ఒకరినొకరు ప్రశ్నించుకోవాలి. వీటన్నిటికీ పైన ఉండేది సర్వసభ్య సమావేశం, అంటే విద్యార్థులందరూ హాజరై తీర్మానాలు చేసే సభ. ఎన్నికైన నాయకుడు అక్కడ జవాబు చెప్పక తప్పదు. డబ్బు, కులబలం, కండబలం చాలాచోట్ల విద్యార్థి ఎన్నికలను శాసిస్తున్న రోజుల్లో ఈ ఏర్పాటు సాధించిన విలువ చాలా పెద్దది.

ఏచూరి 1974లో భారత విద్యార్థి ఫెడరేషన్‌లో (ఎస్.ఎఫ్.ఐ.), 1975లో మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీలో సభ్యులయ్యారు. అదే సంవత్సరం జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన వెలువడడంతో పౌరుల ప్రాథమిక హక్కులతోపాటు విద్యార్థి సంఘాల కార్యకలాపాలు కూడా అణచివేతకు గురయ్యాయి. సెప్టెంబరు 25న జె.ఎన్.యు. ప్రాంగణంలోకి కారులో వచ్చిన మఫ్టీ పోలీసులు సంఘాధ్యక్షుడు డి.పి. త్రిపాఠి అని పొరబడి ప్రబీర్ పురకాయస్థ అనే పరిశోధక విద్యార్థిని పట్టుకుపోయారు. మనిషి మారాడని తెలిసినా ఆయనను వదలక, ఆంతరంగిక భద్రతా చట్టం కింద నిర్బంధించారు. కొంతకాలం అజ్ఞాతంలో ఉండి ప్రతిఘటనను కూడగట్టిన ఏచూరి కూడా అరెస్టయ్యారు, ఆయన చేపట్టిన డాక్టరేటు పరిశోధన అక్కడే ఆగిపోయింది. మళ్లీ దాన్ని పూర్తిచేయలేదు.

1977 మార్చి ఎన్నికల్లో ఇందిరాగాంధీ ఓడిపోయి, అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత జె.ఎన్.యు.లో విద్యార్థి సంఘం మళ్లీ ప్రాణం పోసుకుంది. 1977-78లో, ఒకే సంవత్సర కాలంలో, ఏచూరి మూడుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ప్రధానమంత్రి పదవి పోయినప్పటికీ ఇందిరాగాంధీ ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా, అంటే లాంఛనప్రాయమైన అత్యున్నతాధిపతిగా, కొనసాగుతూనే ఉన్నారు. నిరంకుశ పాలనకు బాధ్యురాలైన వ్యక్తి ఒక విద్యాసంస్థకు అధిపతిగా ఉండరాదని భావించిన విద్యార్థులు వందల సంఖ్యలో 1977 సెప్టెంబరులో ఆమె నివాసానికి ఊరేగింపుగా వెళ్లారు. ఆమె బయటికి వచ్చి వారి మధ్య నిలబడగా, ఆమె పక్కనే నిలిచి ఏచూరి సంఘం తరఫున వినతిపత్రాన్ని, నిజానికి అభియోగపత్రాన్ని, చదివి వినిపించారు. తరువాత కొద్దిరోజులకే ఆమె ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు.

ఆ దృశ్యపు ఛాయాచిత్రం ఇటీవలి సంవత్సరాల్లో తప్పుడు వివరణతో విస్తారంగా ప్రచారమైంది. అది 1975 నాటిదనీ, పోలీసులతో జె.ఎన్.యు.లోకి వచ్చిన ఇందిరాగాంధీ విద్యార్థి నాయకుడి చేత క్షమాపణపత్రం చదివించి రాజీనామా చేయించారనీ ఆ ప్రచారం చెబుతుంది. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. రాజీనామా చేసినది ఆమె. ఏచూరి 1975లో సంఘాధ్యక్షుడే కాదు. చరిత్రను తలకిందులు చేసే ఈ అబద్ధం ఒక వ్యక్తి ప్రతిష్ఠకు చేసిన నష్టం కంటే, ఇరవై అయిదేళ్ల యువకుడు సాటి విద్యార్థుల ప్రతినిధిగా దేశంలోని అత్యంత బలమైన నాయకురాలి ఎదుట కాగితం చేతబట్టి నిలబడగలిగిన వ్యవస్థ ఒకటి ఉండేదన్న జ్ఞాపకానికి చేసే నష్టం ఎక్కువ. ఆ కాగితంలోని మాటలు ఏచూరి ఒక్కరివే అయితే అది ఒక సాహసకృత్యంగా మిగిలేది. ఎన్నికైన సంఘం పక్షాన చదివినందువల్ల ఆమె దాన్ని వినవలసి వచ్చింది, వినడంతో సరిపెట్టడమూ సాధ్యం కాలేదు.

ఆ రోజుల్లోనే, అత్యవసర పరిస్థితి కాలపు వైస్ ఛాన్సలర్ బి.డి. నాగ్ చౌధురిని తొలగించాలన్న ఆందోళన మధ్య అధికారులు విశ్వవిద్యాలయాన్ని మూసివేయగా, విద్యార్థులు దాన్ని మూయనివ్వకుండా తరగతులు, గ్రంథాలయం, భోజనశాలలు తామే నడిపించి, ఖర్చులకోసం ఢిల్లీ బజార్లలో చందాలు పోగుచేశారు. విశ్వవిద్యాలయం పనిచేస్తోంది, సమ్మెలో ఉన్నది వైస్ ఛాన్సలరే అన్నది వారి ప్రచారం. చదువు మానడమే విద్యార్థి ఉద్యమపు ఏకైక ఆయుధమనుకునే అలవాటుకు ఇది గట్టి సమాధానం.

ఆ తరువాతి జీవితం సుప్రసిద్ధమైనదే. 1978లో ఎస్.ఎఫ్.ఐ. అఖిల భారత సంయుక్త కార్యదర్శిగా, 1984 నుంచి 1986 దాకా అధ్యక్షుడిగా పనిచేసి, 1992లో పార్టీ పొలిట్‌బ్యూరోలో చేరి, 2005 నుంచి 2017 దాకా పశ్చిమ బెంగాల్ నుంచి రాజ్యసభ సభ్యుడిగా ఉండి, 2015 ఏప్రిల్‌లో విశాఖపట్నం మహాసభలో ప్రధాన కార్యదర్శిగా ఎన్నికై, 2024 సెప్టెంబరు 12న మరణించేవరకూ ఆ బాధ్యతలో కొనసాగారు.

ఆయన వెనుక వదిలివచ్చిన సంఘపు చరిత్ర మాత్రం అంత సాఫీగా సాగలేదు. వెనుకబడిన జిల్లాల నుంచి, పేద కుటుంబాల నుంచి వచ్చేవారికి ప్రవేశాల్లో అదనపు మార్కులిచ్చే విధానం 1983లో జె.ఎన్.యు. విద్యార్థులు జరిపిన ఆందోళనపై సాగిన అణచివేత తరువాత రద్దయి, దాన్ని తిరిగి సాధించుకోవడానికి సంఘానికి పదేళ్లు పట్టింది. కళాశాల ఎన్నికల్లో ధనబలాన్ని, నేరస్వభావాన్ని అరికట్టే ఉద్దేశంతో మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయించింది. అభ్యర్థి ఖర్చును 5,000 రూపాయలకు పరిమితం చేయడం మేలే అయినా, ప్రధాన బాధ్యుల పదవికి ఒక వ్యక్తి ఒక్కసారి మాత్రమే పోటీచేయాలన్న నిబంధన ప్రకారం ఏచూరి రెండవ ఎన్నికే చెల్లదు. ఆ నిబంధనలకు సరిపడలేదన్న కారణంతో 2008లో నిలిచిపోయిన జె.ఎన్.యు. ఎన్నికలు కొన్ని సడలింపులతో 2012లోగాని జరగలేదు. ఖర్చు మీద కట్టడి ఎన్నడూ అవసరం లేనంత నిరాడంబరంగా నడిచిన సంఘమే ఆ సంస్కరణకు ఎక్కువ మూల్యం చెల్లించింది.

తెలుగు విశ్వవిద్యాలయాల దారి ఇంతకంటే విషాదకరమైనది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ప్రాంగణంలో భౌతికశాస్త్ర పరిశోధకుడు, వామపక్ష విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్యకు గురయ్యారు. ఆయన సహచరులు నిర్మించిన సంస్థ ప్రగతిశీల ప్రజాస్వామ్య విద్యార్థి సంఘంగా (పి.డి.ఎస్.యు.) విస్తరించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి 1973-74లో అధ్యక్షుడైన ఎం. వెంకయ్యనాయుడు తరువాత ఉపరాష్ట్రపతి అయ్యారు. పరస్పరం పూర్తిగా వ్యతిరేకించే పక్షాల నుంచి ఇలాంటి నాయకులను అందించిన ప్రాంగణాల్లోనే, హింసను కారణంగా చూపి, 1980ల చివరి నుంచి ప్రత్యక్ష సంఘ ఎన్నికలు ఆగిపోయాయి. హింసకు పాల్పడినవారిని శిక్షించడానికి బదులు ఓటు వేసే విద్యార్థులందరి హక్కునూ తీసివేయడం అన్యాయమైన పరిష్కారం. అంతేకాక దానివల్ల రాజకీయాలు ప్రాంగణాన్ని విడిచిపోలేదు. విద్యార్థులందరికీ జవాబు చెప్పవలసిన వేదిక పోయి, పార్టీల అనుబంధ సంస్థలు మిగిలాయి. 2009 నవంబరు, డిసెంబరు నెలల్లో తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియా కేంద్రమైనప్పుడు విద్యార్థుల తరఫున మాట్లాడడానికి ఎన్నికైన సంఘమేదీ లేనందువల్లనే వివిధ సంస్థలు కలిసి ఐక్య కార్యాచరణ కమిటీగా ఏర్పడవలసి వచ్చింది. ఆ కమిటీ చూపిన త్యాగనిరతి ప్రశ్నకు అతీతమైనది, అయితే ఉద్యమం ముగిశాక వసతిగృహాల స్థితి గురించో, ఖాళీగా ఉన్న అధ్యాపక పదవుల గురించో విద్యార్థులందరి పక్షాన అధికారులను నిలదీయగల శాశ్వత సంస్థగా అది మారే అవకాశం దాని నిర్మాణంలో లేదు. సంఘ ఎన్నికలను పునరుద్ధరించాలన్న కోరిక రెండు తెలుగు రాష్ట్రాల్లో తరచుగా వినిపిస్తున్నప్పటికీ, ఆ చర్చ ఎక్కువగా ఎన్నికల తేదీ దగ్గరే ఆగిపోతోంది. విద్యార్థులే రాసుకున్న నియమావళి, విద్యార్థులే నడిపే ఎన్నికల సంఘం, నాయకుడిని నిలదీసే సర్వసభ్య సమావేశం అందులో ఇంకా చోటు చేసుకోలేదు.