పతకం అంచు మీది పేరు

ఒక సంస్థ మూతబడినపుడు దాని యంత్రాలను, మేజాబల్లలను, ఇనుప బీరువాలను వేలం వేయుట పరిపాటి. ఆ సామగ్రి అడుగున ఒక్కొక్కసారి చిన్న అట్టపెట్టెలు బయటపడుతుంటవి. పదేండ్లు, ఇరవై యేండ్లు, ముప్పది యేండ్లు ఒకేచోట పనిచేసినవారు కోటుకు తగిలించుకొనుటకై సంస్థలు బహూకరించే పిన్నులు వాటిలో ఉంటవి. అమెరికాలో ఈ ఆచారం ఇరవయ్యవ శతాబ్దంలో మిక్కిలి ప్రబలినది. పిన్ను వెనుక కంటికి ఆనీ ఆనని అక్షరాలలో లోహపు మర్మం కొట్టి ఉంటుంది. బరువులో పదవ వంతు పది కారెట్ల బంగారమని సాధారణంగా ఆ గుర్తుకు అర్థం. పది కారెట్లనగా ఇరవైనాలుగింట పది పాళ్ళు. లెక్క కట్టి చూచినచో మేలిమి నూటికి నాలుగు పాళ్ళ చిల్లర.

తుక్కుగా కొన్నవాడు వీటిని కరగించవలెనా, సేకరించేవారికి అమ్మవలెనా అని కొంత తర్కించుకొనును గాని, ఆ తర్కం ఎక్కువసేపు సాగదు. పిన్ను మీద సంస్థ చిహ్నముంటుంది, సంవత్సరాల సంఖ్య ఉంటుంది. మనిషి పేరు సామాన్యంగా ఉండదు. ఎవరి ముప్పది యేండ్లో చెప్పని వస్తువు త్రాసులో పడితే అడ్డుపడువారెవరు? పేరు ఉన్నచోటనే ప్రశ్న కఠినమగును. ఆ పరీక్షకు ఇరవయ్యవ శతాబ్దంలో అత్యధికంగా గురియైనవి యుద్ధపతకాలు. వాటి కథలో భారతీయుల పాలు చిన్నది కాదు.

సేవను లోహంతో తూచే పద్ధతి మన దేశంలో పాతదే. 1799 మే 4న శ్రీరంగపట్టణం పడిపోయిన తరువాత ఈస్టిండియా కంపెనీ వారు ఒకే అచ్చుతో పతకాలు పోయించినారు. ఒకవైపు సింహం పులిని అణచుచున్నట్లున్న బొమ్మ; పులి ఎవరో చెప్పనక్కరలేదు. అచ్చు ఒక్కటే గాని లోహాలు వేరు: పెద్దలకు బంగారం, వారి తరువాతివారికి బంగారు పూత వేసిన వెండి, ఆపైన వెండి, కంచు, చిట్టచివరనున్న సిపాయికి తగరం. ఆ ముట్టడిలో మద్రాసు సైన్యం పాల్గొన్నది; ఆ సైన్యంలో తెలుగువారు హెచ్చుగా ఉండిరి. ఉత్తరదేశంలో సిపాయికి 'తిలంగా' అన్న పేరే రూఢియైనదంటే, ఆ వృత్తిలో తెలుగువారి ప్రసిద్ధి ఎంతటిదో ఊహించవచ్చును. ఆ పతకాల మీద గ్రహీతల పేర్లు లేవు. తగరపు బిళ్ళ పుచ్చుకొన్న సిపాయి ఏ ఊరివాడో ఆ బిళ్ళ చెప్పదు.

1815 నాటి వాటర్లూ యుద్ధం కొరకు ఇచ్చిన పతకంతో బ్రిటిషువారిలో మార్పు వచ్చినది. సేనాని మొదలు సామాన్య భటుని వరకు అందరికీ వెండే. అంచు మీద ఎవరి పేరు వారిది. భారతదేశానికి వచ్చుసరికి ఈ సమత్వం నిలువలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి నాళ్ళనుండి భటులకు వెండి పతకం, సైన్యం వెంట నడచిన డోలీ బోయీలకు, నీళ్ళు మోయువారికి, సైసులకు, వంటవారికి అదే అచ్చుతో కంచు పతకం ఇచ్చుట మొదలైనది. 1903-04 నాటి టిబెట్టు దండయాత్ర పతకాలలో కంచువాటిని తిప్పి చూచినచో పెక్కింటి అంచు మీద, సైనికుని హోదా ఉండవలసిన తావున, 'కూలీ' అన్న మాట కనిపిస్తుంది. ఆ తరువాత పేరు, ఆ తరువాత సరఫరా రవాణా శాఖ. అవమానమో, గుర్తింపో తేల్చుట కష్టమే. అయినను కొండలెక్కి బరువు మోసిన మనిషి పేరును లోహం మీద అచ్చువేసిన సందర్భాలు మన చరిత్రలో ఎన్ని ఉన్నవి?

మొదటి ప్రపంచయుద్ధం ఈ పద్ధతిని లక్షల సంఖ్యకు పెంచినది. 1919లో నెలకొల్పిన బ్రిటిషు యుద్ధపతకం 36 మిల్లీమీటర్ల వ్యాసం గల వెండిబిళ్ళ. తూకం సుమారు ఒక ఔన్సు. మన లెక్కలో రెండున్నర తులాలు. ఒకవైపు ఐదవ జార్జి తల, రెండవవైపు గుర్రమెక్కిన దిగంబర వీరుడు, అంచు మీద సంఖ్య, హోదా, పేరు, దళం. శ్రామికదళాలకు మాత్రం కంచు. చైనీయులు, మాల్టా వాసులు, భారతీయులు అందులోనివారు. ఈ కంచు పతకాలు సుమారు 1,10,000. మన దేశంనుండి ఆ యుద్ధంలో చేరినవారిలో 5 లక్షల 63 వేలమందికి పైగా ఆయుధం పట్టనివారే. నాగా, లుషాయి కొండలనుండి, రాంచీనుండి, సంతాలు పరగణాలనుండి 1917లో ఫ్రాన్సుకు వెళ్ళినవారున్నారు. కారాగారాలనుండి ఖైదీలను సయితం మెసొపొటేమియాకు తరలించినారు. తెలుగునాట తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరానికి ఆ నాటినుండి సాగిన సైనికవృత్తి వలననే 'మిలిటరీ మాధవరం' అన్న పేరు స్థిరపడినది.

వెండిబిళ్ళలు ఇండ్లలో ఆరు దశాబ్దాలు మెలగినవి. కొన్ని తాకట్టు పోయినవి, కొన్ని అమ్ముడుపోయినవి. ఇంట గింజలు లేనివాడు తండ్రి పతకాన్ని అమ్ముకొన్నాడని తప్పుపట్టుట కడుపు నిండినవాని నీతి. అసలు విపత్తు వేరొక దిక్కునుండి వచ్చినది. అమెరికాలో హంటు సోదరులు వెండిని గుట్టలుగా కొని దాచుట వలన, 1979 ఆరంభంలో ఔన్సు 6 డాలర్ల దగ్గర ఉన్న ధర 1980 జనవరిలో 50 డాలర్లను సమీపించినది. ఆ రోజులలో పాత యుద్ధపతకానికి సేకరించేవారిచ్చు ధరకంటె కొలిమి ఇచ్చు ధర హెచ్చు. లెక్కలేనన్ని పతకాలు మూసలలో కరిగిపోయినవి. మార్చి 27న ధర కుప్పకూలినది గాని, కరిగిన అంచులు తిరిగి రావు గదా!

ఇక్కడ విధి ఒక వింత చేసినది. ఏ లోహం ఎక్కువ గౌరవమని ఇచ్చినారో ఆ లోహమే పతకానికి మృత్యువైనది. తక్కువవారని కంచు ఇచ్చినవారి బిళ్ళల జోలికి కొలిమి రాలేదు. రాగి, తగరం కలసిన ఆ ముద్దకు ధర ఏమున్నది? నేడు ఆ కంచు పతకం వెండిదానికంటె అరుదు, సామాన్యంగా ఖరీదు కూడ హెచ్చు. ఫ్రాన్సులో రోడ్లు వేసిన కొండజాతివాని బిళ్ళ కొరకు సేకరించేవారు పోటీ పడుచున్నారు. దీనిని న్యాయమనుటకు నోరు రాదు. ఆ డబ్బు వాని మనుమలకు చేరదు.

పేరు పోవుట ఎంతటి నష్టమో తెలియుటకు మరొక సంగతి చెప్పవలె. 1940 సెప్టెంబరులో లండను మీద కురిసిన బాంబులకు బ్రిటిషు సైనికుల తొలియుద్ధపు సేవాపత్రాలలో సగానికి పైగా కాలిపోయినవి. అందుచేత పతకాల గ్రహీతల సూచికా చీట్లకు విలువ పెరిగినది. ఆ మూలపు చీట్లను పారవేయ సిద్ధపడినపుడు, 2005లో వెస్టర్న్ ఫ్రంటు అసోసియేషను అను సంఘంవారు వాటిని స్వీకరించి కాపాడినారు. లాహోరు మ్యూజియంలో కూడ ఇటువంటిదే జరిగినది. యుద్ధం ముగిసిన వెంటనే, 1919లో, పంజాబు ప్రభుత్వం కూర్చిన దస్తరాలలో సుమారు 3 లక్షల 20 వేలమంది పేర్లు ఊరివారీగా ఉన్నవి. దాదాపు నూరేండ్లు వాటిని తెరచి చదివినవారు లేరు. 2021లో వాటిలో కొన్ని జిల్లాల భాగం అందరికీ అందుబాటులోకి వచ్చినది.

కనుక తుక్కు అంగడిలో పతకం దొరికినవానికి కరగించుట, దాచుట అన్న రెండు మార్గాలే ఉన్నవనుట సరికాదు. మన శాసన పరిశోధకులు తామ్రశాసనాల విషయంలో ఈ చిక్కును ఏనాడో ఎదుర్కొన్నారు. రాగిరేకు రైతుది, లేక ఆలయానిది. రేపు అది ఏమగునో చెప్పలేము. శాసనంలోని శాపాలన్నీ భూమిని హరించినవాని మీదనే గాని రాగిని కరగించినవాని మీద కావు. అందుచేత వారు రేకులను కొన్నాళ్ళకు ఎరువు తెచ్చి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసుకొని, యజమానికి తిరిగి ఇచ్చినారు. మద్రాసులో 1887 నుండి వెలువడిన వార్షిక నివేదికలు ఇట్టి శ్రమ ఫలితాలే. పతకం అంచును చదివి వ్రాసుకొనుటకు సిరా కూడ అక్కరలేదు; భూతద్దం, పెన్సిలు చాలును. కొలిమికి పంపే ముందు వ్యాపారి ఈపాటి పని చేసియున్నచో 1980లో పోయినది వెండి మాత్రమే అయ్యెడిది.

వెండి పతకంతోపాటు యుద్ధరంగంలో పనిచేసినవారికి విజయపతకమని మరొకటి ఇచ్చినారు, అది కంచుది. పాత వస్తువుల అంగళ్ళలో ఈ విజయపతకాలు నేడు తరచు ఒంటరిగా కనిపిస్తుంటవి. జతగా ఉండవలసిన వెండిబిళ్ళ కరిగిపోయినది. కాని రెండింటి అంచుల మీదను కొట్టినది ఒకే మనిషి సంఖ్య, ఒకే పేరు. పోయినదాని మీద ఏమి ఉండెనో ఈ కంచుబిళ్ళను వెలుగుకు పట్టి చదువుకొనవచ్చును.