స్నేహమా, అప్పా?

టెల్కో కాలనీలో నా వయసువాళ్ళు కొందరు, రష్యా మనకు ఉక్కు ఫ్యాక్టరీలు ఊరికే కట్టిపెట్టిందని ఇప్పటికీ నమ్ముతారు. డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన నేను ముందు పద్దు చూస్తాను.

1955లో భిలాయికి సోవియట్ యూనియన్ ఇచ్చింది అప్పే, వడ్డీ 2.5 శాతం. 1956లో మా జంషెడ్‌పూర్ టాటా ఉక్కు విస్తరణకు ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 7.5 కోట్ల డాలర్లూ అప్పే. ఆ పని చేసింది అమెరికా కైజర్ కంపెనీ.

బొకారో ప్రభుత్వరంగంలో వస్తుందని అమెరికన్ కాంగ్రెస్‌లో వ్యతిరేకత వచ్చింది. 1963లో నెహ్రూ తన అభ్యర్థన వెనక్కి తీసుకున్నారు. 1965లో సోవియట్లతో ఒప్పందం కుదిరింది.

ఇందులో దాతలెవరు? ఇద్దరికీ మన దేశంలో పలుకుబడి కావాలి. ఆ పోటీ వల్లే ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళగలిగాం. అగ్రరాజ్యాల మీద భక్తి కూడా మూఢనమ్మకమే. ఎవరు సాయమన్నా వడ్డీ ఎంత, షరతులేమిటి అని అడగాలి.